పసివారికి హైఫ్లో ప్రాణవాయువు: యంత్రం కన్నా మొదటి గంట ముఖ్యం

కరోనా రెండవ ఉద్ధృతి తగ్గుముఖం పట్టిన 2021 జూలై మాసంలో కేంద్ర మంత్రివర్గం 23,123 కోట్ల రూపాయల అత్యవసర ఆరోగ్య ప్యాకేజీని ఆమోదించింది. మూడవ ఉద్ధృతి పిల్లల మీద పడుతుందన్న భయం ఆనాడు దేశమంతటా వ్యాపించి ఉన్నందున, 736 జిల్లాలలో పిల్లల చికిత్సా విభాగాలను ఏర్పాటు చేయడం ఆ ప్యాకేజీలో ముఖ్యాంశమైనది. భయపడినట్లు ఆ ఉద్ధృతి పిల్లలను ప్రత్యేకించి బాధింపలేదు. కాని ఆ రెండేళ్ళలో ఆసుపత్రులకు చేరిన పరికరాలు మిగిలినవి, జనం నోట కొన్ని పేర్లు కూడా నిలిచిపోయినవి. అటువంటి పేర్లలో ‘హైఫ్లో’ ఒకటి.

ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఈశాన్య ఋతుపవనపు తడి గాలి పొల్లాచ్చి కొబ్బరి తోపులను కమ్ముకునే వేళ, ఏడాది నిండని పసివారికి దగ్గు, పడిశము, ఆయాసం పట్టుకోవడం మన ఇండ్లలో ఏటేటా జరిగే సంగతే. ఇదివరలో ‘ప్రాణవాయువు పెట్టినారా’ అని అడిగే బంధువులు ఇప్పుడు ‘హైఫ్లో ఉన్న ఆసుపత్రికే తీసుకొని పొండి’ అని సలహా చెబుతున్నారు. ఆ పేరు విని అప్పుచేసి దూరపు ఆసుపత్రికి పరుగెత్తే కుటుంబం ఒకటి. ముక్కుకు గొట్టం తగిలించినారు గదా, ఇక భయం లేదని నిశ్చింతగా కూర్చునే కుటుంబం మరొకటి. ఈ ఇద్దరికీ ఆ యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియవలసి ఉన్నది.

ఆసుపత్రిలో మామూలుగా ఇచ్చే పద్ధతిలో సన్నని ముక్కు గొట్టం గుండా నిమిషానికి ఒకటి రెండు లీటర్ల ప్రాణవాయువు వెళుతుంది. ఆయాసపడే బిడ్డ లోపలికి లాగే గాలి వేగం దీనికన్నా చాలా ఎక్కువ. లోటును గదిలోని గాలి పూరిస్తుంది. అందువలన ఇచ్చిన ప్రాణవాయువు పలుచబడిపోతుంది. వేగం పెంచుదామంటే, గొట్టం నుండి వచ్చే వాయువు చల్లనిది, పొడిది. ముక్కు లోపలి పొర ఎండిపోయి, కఫం గట్టిపడి, బిడ్డ మరింత అవస్థ పడుతుంది. హైఫ్లో యంత్రం ఈ చిక్కును విడదీసింది. గాలిని, ప్రాణవాయువును కావలసిన పాళ్ళలో కలిపి, శరీరపు వేడికి సమానంగా 37 డిగ్రీల వరకు వెచ్చచేసి, నిండుగా తేమపట్టించి, బిడ్డ బరువులో కిలోకు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పంపుతుంది. పది కిలోల బిడ్డకు ఇరవై లీటర్లన్నమాట. అందులో ప్రాణవాయువు పాలును 21 శాతం నుండి 100 శాతం దాకా వైద్యుడు నిర్ణయించవచ్చు.

ఆ ప్రవాహం ముక్కులో, గొంతులో నిలిచి ఉండే వాడిన గాలిని కడిగివేస్తుంది. శ్వాసనాళాలలో కొద్దిపాటి ఒత్తిడి నిలిచి, ఊపిరి లాగే శ్రమ తగ్గుతుంది. ముఖమంతా బిగించే మాస్కు లేదు గనుక బిడ్డ తల్లి ఒడిలోనే ఉండగలదు, నిదురపోగలదు. ఇన్ని గుణాలున్న యంత్రాన్ని తక్కువచేసి చెప్పడం మన ఉద్దేశం కాదు. అయితే అది ఊపిరి తీసే బిడ్డకు తోడు నిలుస్తుందే గాని, బిడ్డకు బదులు ఊపిరి తీయదు. ఆ పని వెంటిలేటరుది. ఈ భేదం మరువరాదు.

ఇక నీటి సంగతి. తేమకు వాడే నీరు, గొట్టాలు శుద్ధమైనవి కాకపోతే సూక్ష్మజీవులు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతాయి. 2005లో అమెరికాలోని పలు ఆసుపత్రులలో ఒక జాతి హైఫ్లో యంత్రాలలో రాల్‌స్టోనియా అనే సూక్ష్మజీవి కనిపించి, పిల్లలకు కూడా సోకినందున తయారీదారు వాటిని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. యంత్రం కొన్నంత సులభం కాదు దానిని పోషించడం.

పరీక్షలు ఏమి తేల్చినవి?

ఈ చికిత్స మీద జరిగిన పెద్ద పరీక్షలలో మొదట చెప్పదగినది ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలోని 17 ఆసుపత్రులలో 1,472 మంది పసివారి మీద జరిగి 2018లో వెలువడినది. వారందరూ ఏడాది లోపు వారు, బ్రాంకియోలైటిస్ అనే సన్న శ్వాసనాళాల వాపుతో వచ్చినవారు. మామూలు ప్రాణవాయువు పొందినవారిలో 23 శాతం మందికి ఆ చికిత్స చాలక పోగా, హైఫ్లో పొందినవారిలో 12 శాతం మందికి మాత్రమే చాలలేదు. ఈ అంకెలనే మన వద్ద విశేషంగా ప్రచారం చేస్తారు. దానితో పాటు చెప్పవలసిన మరొక మాట ఉన్నది: మామూలు ప్రాణవాయువుతో మొదలుపెట్టి అది చాలనప్పుడు హైఫ్లోకు మార్చిన పిల్లలలో అయిదుగురికి ముగ్గురు కుదుటపడినారు. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులలో ఇరుపక్షాలకూ తేడా కనబడలేదు. అనగా, మొదటి నిమిషం నుండే హైఫ్లో లేకపోయినంత మాత్రాన బిడ్డకు అన్యాయం జరిగినట్లు కాదు.

అదే దేశాలలో ఏడాది నుండి నాలుగేళ్ళ వయసు గల 1,500కు పైగా పిల్లల మీద జరిగిన తరువాతి పరీక్ష 2023లో వెలువడింది. ఇందులో ఫలితం తలకిందులైంది. మొదటి నుండే హైఫ్లో పెట్టిన పిల్లలు సగటున 1.77 రోజులు ఆసుపత్రిలో ఉండగా, మామూలు ప్రాణవాయువు పొందినవారు 1.50 రోజులకే ఇల్లు చేరినారు. ఐసీయూకు వెళ్ళవలసి వచ్చినవారు హైఫ్లో పక్షంలో 12.5 శాతం, మామూలు పక్షంలో 6.9 శాతం. కొంత పెరిగిన బిడ్డకు అవసరం లేకుండా పెద్ద యంత్రం తగిలిస్తే మేలు కన్నా ఆలస్యమే మిగులుతుందని దీని సారాంశం. ప్రైవేటు ఐసీయూలో రోజు రోజుకూ లెక్క కట్టే కుటుంబాలకు ఈ సమాచారం చేరవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.

ఐసీయూలోనే ఉన్న పిల్లల సంగతి వేరు. లండనులో పనిచేసే వైద్యుడు పద్మనాభన్ రామనారాయణ్ నాయకత్వాన బ్రిటనులో జరిగి 2022లో ప్రకటితమైన రెండు పరీక్షలు హైఫ్లోను సీపాప్‌తో పోల్చినవి. నిలకడగా ఒత్తిడితో గాలి పంపే పాత పద్ధతికి సీపాప్ అని పేరు. ఆయాసంతో కొత్తగా చేరిన 600 మంది పిల్లలలో హైఫ్లో దాదాపు సీపాప్‌కు సాటిగా నిలిచింది. మత్తుమందు అవసరం కూడా తగ్గింది. కాని వెంటిలేటరు తీసివేసిన తరువాత ఆధారంగా ఇచ్చినప్పుడు మాత్రం సాటి రాలేదు. సీపాప్ పెట్టిన పిల్లలు ఏ ఆధారమూ అక్కరలేని స్థితికి 43 గంటలలో చేరుకోగా, హైఫ్లో పెట్టినవారికి 51 గంటలు పట్టింది.

ధనిక దేశాల మాట అటుంచి మన పొరుగున ఉన్న ఢాకాను చూద్దాము. అక్కడి అతిసార వ్యాధుల పరిశోధనా సంస్థ ఆసుపత్రిలో మహమ్మద్ జోబాయెర్ చిశ్తీ అనే వైద్యుడు ఖాళీ షాంపూ సీసాలో నీరు పోసి, బిడ్డ ముక్కు గొట్టపు రెండవ కొసను అందులో ముంచి, బుడగలతో ఒత్తిడి పుట్టించే ‘బబుల్ సీపాప్’ను తయారుచేసినాడు. తీవ్ర న్యుమోనియాతో ప్రాణవాయువు తగ్గిన 225 మంది పిల్లల మీద ఆయన బృందం జరిపిన పరీక్ష 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు ప్రాణవాయువు పొందిన 67 మందిలో పదిమంది, హైఫ్లో పొందిన 79 మందిలో పదిమంది చనిపోగా, బుడగల సీసా పక్షాన 79 మందిలో ముగ్గురే చనిపోయినారు. పరీక్షను మధ్యలోనే ఆపినారు గనుకా, సంఖ్యలు చిన్నవి గనుకా దీనిని తుది తీర్పుగా తీసుకోరాదు. అయినా ఖరీదు గల యంత్రమే ప్రాణం పోస్తుందన్న నమ్మకాన్ని ఆ సీసా కదిలించిందనుటలో సందేహం లేదు.

అంతలోనే ఆఫ్రికాలోని మలావీ దేశం ఆ ఉత్సాహానికి పగ్గం వేసింది. సలీమా జిల్లా ఆసుపత్రిలో వైద్యుని నిత్య పర్యవేక్షణ లేకుండా బబుల్ సీపాప్ వాడగా, ఆ పద్ధతి పొందిన పిల్లలలో 17 శాతం, మామూలు ప్రాణవాయువు పొందినవారిలో 11 శాతం మరణించినట్లు 2019లో తేలింది. ఢాకాలో అనుభవం గల వైద్యులు దగ్గరే ఉన్నారు, సలీమాలో లేరు. ఉపకరణం రెండుచోట్లా ఒకే తరహాది. ఈ వ్యాసకర్త దృష్టిలో మన తాలూకా ఆసుపత్రుల గురించి ఆలోచించేవారు అన్ని పరీక్షల కన్నా ముందు చదువవలసినవి ఈ రెండూ.

మొదటి గంటలో చూడవలసినది

హైఫ్లో పనిచేస్తున్నదా లేదా అన్నది చాలామంది పిల్లలలో గంట, గంటన్నర లోపలే తెలిసిపోతుంది. శ్వాసల సంఖ్య, గుండె వేగం రెండూ సుమారు అయిదవ వంతు తగ్గి, డొక్కలు ఎగరవేయడం నెమ్మదిస్తే చికిత్స ఫలిస్తున్నట్లు. గంట దాటినా తగ్గకపోతే, తెరమీద ప్రాణవాయువు అంకె 95 కనబడుతున్నా సంతోషించరాదు. యంత్రం ఆ అంకెను నిలబెడుతూ ఉండగానే లోపల బిడ్డ కండరాలు అలసిపోవచ్చు. ఏడ్చే ఓపిక కూడా లేక బిడ్డ మౌనంగా పడి ఉంటే ‘నిదురపోయినాడు’ అనుకునే పొరపాటు ఇక్కడనే జరుగుతుంది. కొరియా దేశం నుండి 2015లో వచ్చిన ఒక పరిశీలన పెద్దల విషయంలో ఈ ప్రమాదాన్ని స్పష్టం చేసింది: హైఫ్లో విఫలమైన రోగులలో 48 గంటలు దాటిన తరువాత వెంటిలేటరుకు మార్చినవారిలో మరణాలు అధికంగా కనబడినవి.

కనుక హైఫ్లో మీద ఉన్న బిడ్డ వద్ద గంట గంటకూ శ్వాసను లెక్కించి వ్రాసే నర్సు, పిలిచిన వెంటనే రాగల వైద్యుడు, వెంటిలేటరు అవసరమైతే అక్కడే గాని దగ్గరలో గాని ఆ వసతి ఉండవలెను. కుటుంబంవారు అడుగవలసిన ప్రశ్న ‘హైఫ్లో ఉన్నదా’ అని కాదు. ‘గంట తరువాత బిడ్డ కుదుటపడకపోతే ఏమి చేస్తారు, ఎక్కడికి పంపుతారు’ అని. ఈ ప్రశ్న అడిగితే వైద్యులు కోపించుకుంటారని వెనుకాడనక్కరలేదు.

వెంటిలేటరు పేరు చెప్పగానే ‘ఇక ప్రాణం పోయినట్లే’ అని సంతకం పెట్టక బిడ్డను ఇంటికి తీసుకొనిపోయే అలవాటు మన పల్లెలలో ఇంకా పోలేదు. పెద్దల కడపటి ఘడియలను చూసిన అనుభవం నుండి ఈ భయం పుట్టింది. బ్రాంకియోలైటిస్, న్యుమోనియా బారిన పడిన పసివారి సంగతి అటువంటిది కాదు. అలసిన కండరాలకు కొన్ని దినాల విశ్రాంతి దొరికితే వారిలో అనేకులు మరల తామే ఊపిరి తీసుకోగలరు.

సిలిండరు లెక్క, బాట లెక్క

పొల్లాచ్చి నుండి కోయంబత్తూరు వైద్య కళాశాల ఆసుపత్రి సుమారు 40 కిలోమీటర్లు. రహదారి వెడల్పు అయినది. 2024 ఆగస్టులో ప్రారంభమైన ఉక్కడం పైవంతెన నగర ప్రవేశంలోని రద్దీని కొంత తగ్గించింది. అయినా పడక నుండి పడకకు లెక్కిస్తే గంటకు పైగా పడుతుంది. వాల్పారై తేయాకు తోటల నుండి వచ్చేవారికి పొల్లాచ్చికే 65 కిలోమీటర్ల వరకు ఉన్నది, అందులో 40 కొండమలుపులు.

ఇప్పుడు ప్రాణవాయువు లెక్క చూడండి. ఆసుపత్రులలో కనబడే జంబో సిలిండరులో సుమారు 7,000 లీటర్లు పడుతుంది. మామూలు గొట్టంతో నిమిషానికి రెండు లీటర్లు తీసుకునే బిడ్డకు అది రెండు రోజులకు పైగా వస్తుంది. పది కిలోల బిడ్డకు ఇరవై లీటర్ల హైఫ్లోను 40 శాతం పాలుతో ఇస్తే నిమిషానికి అయిదు లీటర్ల లోపు ఖర్చయి, దాదాపు ఒక రోజు వస్తుంది. 100 శాతం అవసరమైతే ఆరు గంటలు కూడా రాదు. నిమిషానికి 60 లీటర్లు తీసుకునే పెద్దవారికైతే రెండు గంటల లోపే ఖాళీ. ఒక వార్డులో పది హైఫ్లో యంత్రాలు ఒక్కసారి తిరిగితే ఏమవుతుందో 2021లో దేశమంతా చూసింది. ఆ యేడు మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, తమిళనాడు నుండి రావలసిన ద్రవ ప్రాణవాయువు టాంకరు ఆలస్యమై గొట్టాలలో పీడనం పడిపోయినందున, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది మరణించినారు. ఆ తరువాత దేశంలో గాలి నుండే ప్రాణవాయువును వేరుచేసే పీఎస్ఏ కర్మాగారాలను వందల సంఖ్యలో నెలకొల్పినారు. అవి నడుస్తున్నవా, కరెంటు పోతే బదులు ఏర్పాటు ఉన్నదా అని గ్రామసభలలోనూ ఆసుపత్రి సంక్షేమ సమావేశాలలోనూ అడిగే హక్కు మనకున్నది.

బాటలో ఇబ్బంది ఇంకా సూక్ష్మమైనది. ఆసుపత్రిలో వాడే పలు హైఫ్లో యంత్రాలకు బ్యాటరీ లేదు; గోడకు తగిలించిన తీగ తీయగానే ఆగిపోతాయి. బండిలో ఉండే చిన్న సిలిండరు 1,500 లీటర్లదైతే, ఇరవై లీటర్ల వేగంతో అది 75 నిమిషాలకే తీరుతుంది. అందుచేత బిడ్డను బండి ఎక్కించకముందే, ప్రయాణంలో వాడబోయే మాస్కు మీద గాని వేరే పరికరం మీద గాని కొంతసేపు ఉంచి, తట్టుకుంటున్నదో లేదో చూడవలెను. తట్టుకోకపోతే, శ్వాసనాళంలో గొట్టం వేసి, తోడుగా వైద్యుని పంపడమే సరి. ‘కోయంబత్తూరుకు పొండి’ అని చీటి వ్రాసి ఇచ్చినంతనే పంపిన ఆసుపత్రి బాధ్యత తీరిపోదు.

108 సేవకు పుట్టినిల్లు మన తెలుగునాడే. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలై 2008 సెప్టెంబరులో తమిళనాడుకు వచ్చింది. గోపాలపురం, మీనాక్షిపురం, గోవిందపురం ప్రాంతాలలో చేతి ఫోను కేరళ సంకేతాన్ని పట్టుకుంటే పిలుపు ఆ రాష్ట్రపు కేంద్రానికి వెళ్ళవచ్చు. కాబట్టి ఫోనెత్తగానే రాష్ట్రం, తాలూకా, ఊరు పేర్లు చెప్పి, తరువాత బిడ్డ సంగతి చెప్పడం మంచిది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, చెక్‌పోస్టు దాటితే మలయాళం అయిన మనకు మాట తడబడటం సహజం. మన ఆయాసమే తమిళంలో ‘మూచ్చు తిణరల్’, మలయాళంలో ‘శ్వాసం ముట్టల్’. ఇక బీమా కార్డు ఏ రాష్ట్రానిదన్న వాదం తరువాతి సంగతి. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో చికిత్స చేయకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో తీర్పు చెప్పి ఉన్నది.

ఇంటిలోనే తెలుసుకోదగినది

ఐసీయూ దాకా పోయే ప్రతి బిడ్డకూ ముందు ఇంటిలో కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రెండు రోజులు గడిచి ఉంటాయి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం శ్వాసలను లెక్కించవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి అయిదేళ్ళ లోపు 40, అంతకు మించినా వైద్యునికి చూపవలసిందే. డొక్కలు లోపలికి గుంజుకొనిపోవడం, ఊపిరితో పాటు మూలుగు, పెదవులు నీలబడటం, పాలు తాగలేకపోవడం, లేపినా లేవని మగత కనిపిస్తే తెల్లవారే దాకా ఆగరాదు. పొట్ట మీద చురకలు పెట్టడం, మూలుగుతున్న బిడ్డ నోట వసకొమ్ము అరగదీసి పోయడం కొన్ని ఇండ్లలో నేటికీ సాగుతున్నవి. పోసినది ఊపిరితిత్తులలోకి పోయిన బిడ్డకు ఏ హైఫ్లో కూడా సులభంగా ఉపశమనం ఇవ్వలేదు. కొబ్బరి మట్టలు, చిప్పలు మండే పొయ్యి పక్కన పసిబిడ్డ ఉయ్యాల కట్టడం కూడా మానవలెను.

కేంద్ర ఆరోగ్య శాఖ బాల్య న్యుమోనియా నివారణకు 2019 నవంబరులో ‘సాన్స్’ పేరిట కార్యక్రమం ప్రారంభించింది. న్యుమోకోకస్ టీకా 2021లో తమిళనాడు ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది. ప్రైవేటు ఆసుపత్రులలో వేల రూపాయలు పలికే ఆ టీకాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఉపకేంద్రంలోనూ ఉచితంగా వేస్తారు: ఆరవ వారంలో ఒకటి, పదునాలుగవ వారంలో రెండవది, తొమ్మిదవ నెలలో మూడవది. పనుల కోసం సరిహద్దు దాటి పాలక్కాడు వైపు పోయి వచ్చే కుటుంబాలలో మూడవ మోతాదు తప్పిపోయే అవకాశం ఎక్కువ; టీకా కార్డును వెంట ఉంచుకొంటే ఏ రాష్ట్రపు కేంద్రంలోనైనా మిగిలిన మోతాదు వేయించుకోవచ్చు.